ఏప్రిల్ 14 వేదిక మీద చిందోళ్లు ఎందుకు లేరు?



సరూర్‌నగర్‌లో నిలబడి "థియేటర్ ఎక్కడ?" అని అడిగి చూడండి. ఎవరైనా సినిమా హాలే చూపిస్తారు. కోణార్క్, వెంకటాద్రి పేర్ల మీదే దిల్‌సుఖ్‌నగర్ అడ్రసులు ఎన్నో ఏండ్లు నడిచాయి. నాటకం చూడాలంటే మాత్రం ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి రవీంద్రభారతికి పోవాలి, లేకుంటే చిక్కడపల్లి త్యాగరాయ గానసభకు పోవాలి. అందుకే హాస్టళ్లలో ఉండి పోటీ పరీక్షలకు చదువుతున్న మన పిల్లలు నన్ను తరచూ అడుగుతుంటారు, "అన్నా, ఇటు దిక్కు నాటకం అనేదే లేదా?" అని.

నా జవాబు ఒకటే. ఇటు దిక్కు నాటకశాల లేదు కానీ నాటకం ఆడే జాతులు ఉన్నాయి. నల్లగొండ, పాలమూరు, జనగామ ఊర్ల నుంచి నగరానికి వచ్చినవాళ్లలో వాళ్లు కూడా ఉన్నారు. కాకపోతే వాళ్లను మనం వేదికల మీద చూడటం లేదు, కూలి పనుల కాడ చూస్తున్నాం.

ఇది ఉత్త మాట కాదు. 2024 మే నెలలో వార్తల్లో వచ్చిన వీడియో చాలామంది చూసే ఉంటారు. 12 మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య తుర్కయంజాల్‌లో ఇల్లు కట్టే చోట కూలి పని చేస్తూ కనిపించాడు. తుర్కయంజాల్ మనకు దూరమేమీ కాదు, ఎల్బీనగర్ దాటి సాగర్ రోడ్డు మీద పోతే వస్తుంది. అప్పటికి ఆయనకు పద్మశ్రీ వచ్చి రెండేండ్లయింది. నెలకు 10 వేల గౌరవభృతి ఆగిపోయిందని ఆయనే చెప్పుకున్నాడు. "కోటి రూపాయలు ఇచ్చారు కదా, ఏం చేశాడు?" అని అడిగినవాళ్లూ ఉన్నారు. ఒక కళ బతకడానికి ఒక్కసారి ఇచ్చే బహుమతి సరిపోతదా? సరిపోదని చెప్పడానికే ఈ భాగం రాస్తున్నాను.

మొగులయ్య డక్కలి కులం మనిషి. డక్కలోళ్లు, చిందోళ్లు మాదిగలకు ఆశ్రిత కులాలు. మాదిగల పుట్టుక కథను, వంశాల కథను తరతరాలుగా మోసుకొచ్చింది వీళ్లే. ఎస్సీ జాబితాలోని 59 కులాల్లో డక్కల్, సిందోళ్లు అని వీళ్ల పేర్లు కనిపిస్తాయి. పరీక్ష కోసం ఆ జాబితా చదివే మీలో ఎంతమంది వీళ్ల ఆట చూశారు?

ఇక చిందు గురించి చూద్దాం.

చిందు యక్షగానం, చిందు భాగవతం, చిందాట అన్నీ ఒకటే. దానికి గోడలున్న నాటకశాల అక్కర్లేదు. ఊరి నడుమ ఖాళీ జాగ, ఒక పందిరి, ఒక తెర ఉంటే చాలు. మద్దెల, తాళాలు, హార్మోనియం, కాళ్లకు గజ్జెలు. ముఖానికి రంగు పూసుకుని, తేలిక చెక్కతో చేసిన కిరీటాలు, భుజకీర్తులు కట్టుకుంటారు. ఆ చెక్కను చెక్కేది, రంగు వేసేది, అద్దాలు అతికేది కూడా వాళ్లే. కుటుంబమంతా కలిస్తేనే ఒక మేళం. తండ్రి వేషం కడితే కొడుకు మద్దెల కాడ కూర్చుంటాడు, తల్లి పాట అందుకుంటుంది, పిల్లలు తెర పట్టుకుంటారు. రచయిత, దర్శకుడు, మేకప్, లైట్లు అని ఇప్పుడు మనం వేరువేరుగా చెప్పుకునే పనులన్నీ ఒక్క గుడిసెలో జరిగేవి.

ఊరందరి కోసం వాళ్లు సారంగధర ఆడతారు, బాలనాగమ్మ ఆడతారు, రామాయణ భారత కథలు ఆడతారు. మాదిగవాడ కోసం ప్రత్యేకంగా ఆడేది జాంబపురాణం. అందులో జాంబవంతుడు, బ్రాహ్మణుడు ఎదురెదురుగా నిలబడి వాదించుకుంటారు. ముందు పుట్టింది ఎవరు, ఎవరి పని లేకుంటే లోకం నడవదు అన్నదే ఆ వాదం. ఆ వాదంలో గెలిచేది జాంబవంతుడు. అంటరానోళ్లని ఊరి బయట పెట్టిన సమాజంలోనే, "మేము మీకంటే ముందటోళ్లం" అని రాత్రంతా గజ్జె కట్టి చెప్పిన నాటకం ఇది. పుస్తకం చదవనియ్యని జనం తమ వాదాన్ని ఆటలో దాచుకున్నారు. దళిత సాహిత్య చరిత్రను ఎక్కడ మొదలుపెట్టాలో ఆలోచించేవాళ్లు ముందు ఈ పందిరి కింద కూర్చోవాలి.

ఈ ఆటకు ఖర్చు ఎవరు పెట్టేవారు? ఇది ముఖ్యమైన ప్రశ్న. చిందు కుటుంబాలకు మిరాశి ఊర్లు ఉండేవి. ఫలానా ఊర్లు ఫలానా కుటుంబానివి అని పంచుకునేవారు, ఆ హక్కు ఆస్తిలాగే వారసులకు వచ్చేది. మేళం ఆ ఊరికి పోతే మాదిగలు గింజలు, డబ్బు, తిండి, వసతి ఇవ్వాలి. వాళ్లు తీసుకునేది భిక్షం కాదు, హక్కు. ఇప్పటి మాటలో చెప్పాలంటే మిరాశి ఆ నాటకరంగానికి బడ్జెట్. జమీందారు, సంస్థానం దయ మీద ఆధారపడకుండా, తోలు పని, కూలి పని చేసుకునే జనం పైసతో శతాబ్దాలు నడిచిన నాటకరంగం తెలుగు నేల మీద ఉందంటే అది ఇదే.

దాన్ని మనం మరీ పొగడొద్దు కూడా. మిరాశిలో హక్కు ఉంది, దాంతోపాటు కులమూ ఉంది. పోషించే మాదిగ తనకంటే కిందివాడిగానే చిందోన్ని చూశాడు. డక్కలోళ్లనైతే మాదిగవాడలోకే రానివ్వని ఆచారం ఉండేది. ఊరు మనకు చేసిన అన్యాయాన్ని మనం ఇంకొకరికి చేశాం. ఈ మాట మనోళ్లకు నచ్చదని నాకు తెలుసు. అయినా చరిత్ర రాసేటప్పుడు మన పెరటి కంచెను కూడా చూపించాలి.

ఇక ఆడవాళ్ల సంగతి. పేరున్న తెలుగు నాటక రంగంలో ఎంతో కాలం ఆడ వేషాలు మగవాళ్లే కట్టారు. స్థానం నరసింహారావు ఆ వేషాలతోనే ప్రసిద్ధుడయ్యాడు. 1885లో కడప జిల్లా సురభిలో పుట్టిన సురభి నాటక సమాజం ఆడవాళ్లను వేదిక ఎక్కించిందని గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. మరి చిందు ఆడవాళ్లు ఊరూరా గజ్జె కట్టలేదా? నిజామాబాద్ జిల్లా బోధన్ దగ్గర అమ్దాపూర్ నుంచి వచ్చిన చిందుల ఎల్లమ్మ జీవితమంతా ఆటలోనే గడిపి 2005లో కన్నుమూసింది. ఆమెను చిన్నప్పుడే జోగినిగా మార్చారు. ఒక కులంలో ఆడమనిషి వేదిక ఎక్కితే నటి అయింది. ఇంకో కులంలో అదే ఆడమనిషి జోగిని అయింది. చట్టం జోగిని ఆచారాన్ని 1988లో నిషేధించింది. ఆ ముద్రను మాత్రం ఏ చట్టమూ తుడవలేదు.

భాషలోనూ ఆ ముద్ర ఉంది. "అవినీతి బాగోతం బయటపడింది" అని పత్రిక రాస్తుంది. కోపంతో ఎగిరేవాన్ని "చిందులు తొక్కుతున్నాడు" అంటారు. నాటకం అన్న మాటకూ ఆ గతి పట్టిందని మీరు అనొచ్చు. నిజమే. కానీ నాటకానికి పరిషత్తులున్నాయి, బహుమతులున్నాయి, కందుకూరి పుట్టిన ఏప్రిల్ 16న నాటకరంగ దినోత్సవం ఉంది. బాగోతానికి తిట్టు ఒక్కటే మిగిలింది.

ఇప్పుడు మన ఉద్యమం దగ్గరికి వస్తాను. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మలక్‌పేట దాటి కోఠి వైపు పోతే చాదర్‌ఘాట్ వస్తుంది. భాగ్యరెడ్డి వర్మ ఆది హిందూ భవన్ కట్టింది అక్కడే. 1888లో మాదరి భాగయ్యగా పుట్టిన ఆయన 1906లో జగన్‌మిత్ర మండలి పెట్టాడు. అప్పుడు ఆయనకు 18 ఏండ్లు. చదువురాని జనానికి సంగతులు చెప్పడానికి ఆ మండలి ఎంచుకున్న సాధనం హరికథ. తర్వాత బడులు వచ్చాయి, 1911లో మన్య సంఘం వచ్చింది, 1917లో బెజవాడ సభ వచ్చింది. వీటన్నిటికంటే ముందు వచ్చింది కథ చెప్పే వేదిక. హైదరాబాద్ దళిత ఉద్యమం ఒక రకంగా ప్రదర్శనతోనే మొదలైంది.

మరి హరికథే ఎందుకు, చిందు ఎందుకు కాదు? నా అవగాహన చెప్తాను. హరికథకు ఒక్క మనిషి, చేతిలో చిడతలు చాలు. ఖర్చు తక్కువ, మధ్యలో ఆపి చెప్పాల్సిన మాట చెప్పొచ్చు. పై కులాలు తమదనుకున్న కథను మనవాడు నిలబడి చెప్పడం అప్పట్లో పెద్ద ధిక్కారం. ఇదొక వైపు. ఇంకో వైపు, ఆయన పోరాడింది జోగిని ఆచారం మీద, కల్లు సారా మీద. ఆ పోరాటం న్యాయమైనది. కానీ చిందు వేదిక, జోగిని ఆచారం ఒకే మనుషుల జీవితాల్లో ముడిపడి ఉన్నాయి. ఆచారాన్ని తీసేసి ఆటను కాపాడే దారి ఆ తరానికి దొరకలేదని నేననుకుంటాను. గౌరవం వెతుక్కుంటూ బయల్దేరిన ఉద్యమానికి తన ఇంటి నాటకం సిగ్గుపడే వస్తువైంది.

తర్వాతి కాలంలో ఆ సిగ్గు పోయింది. కమ్యూనిస్టులు ప్రజానాట్యమండలిలో బుర్రకథను ఆయుధం చేశారు. సుంకర, వాసిరెడ్డి రాసిన 'మా భూమి' నాటకం తెలంగాణ పోరాటాన్ని ఆంధ్ర పల్లెలకు తీసుకుపోయింది. బోయి భీమన్న 'పాలేరు' నాటకం చూసి పశువుల కాడి పిల్లలు బడికి పోయారని మన పెద్దలు చెప్తారు. జననాట్యమండలి, గద్దర్ వచ్చాక గొంగడి, గజ్జె, డప్పు వేదిక నడుమకు వచ్చాయి. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం ఊరూరా కదిలించింది. ఎల్బీనగర్ చౌరస్తాలో 2009 నవంబర్ 29న శ్రీకాంతాచారి ఒళ్లు కాల్చుకున్న తర్వాత, ఇటు దిక్కు ఆ పాటలు వినని బస్తీ లేదు.

వీటన్నిటికీ నేను రుణపడి ఉన్నాను. అయినా ఒక లెక్క అడగాలి. ఉద్యమాలు ఆశ్రిత కులాల నుంచి బాణీ తీసుకున్నాయి, అడుగు తీసుకున్నాయి, వాయిద్యం తీసుకున్నాయి. మనుషులను ఎంతమందిని తీసుకున్నాయి? బుడగ జంగాల కథ పద్ధతి ఉద్యమాల్లో మోగింది, ఆ కులం మాత్రం సంచార గుడిసెల్లోనే మిగిలింది. 2023లో 'బలగం' సినిమా చివర పాడి జనాన్ని ఏడిపించిన మొగిలయ్య, కొమురమ్మ దంపతులు ఆ కులమే. మరుసటి ఏడాది డిసెంబర్‌లో మొగిలయ్య కిడ్నీ జబ్బుతో పోయాడు.

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనను. 2024లో జనగామ జిల్లా చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ ఇచ్చింది. ఐదు దశాబ్దాల్లో 19 వేలకు పైగా ప్రదర్శనలిచ్చాడని అప్పుడు చెప్పింది. ఆ సంఖ్య మీద కాసేపు ఆగండి. ఏడాదికి 380 పడుతుంది, అంటే రోజుకు ఒకటి దాటుతుంది. ఒక మనిషి రోజూ ఆడాడంటే రోజూ ఆడించిన ఊర్లు ఉన్నాయని అర్థం. అవార్డు ఆ మనిషికి వచ్చింది. ఆ ఊర్లను ఇప్పుడు ఎవరు తెచ్చిస్తారు?

ఊరి మాదిగ కొడుకు ఇప్పుడు సరూర్‌నగర్‌లో అద్దెకుంటున్నాడు. కొత్తపేటలోనో, నాగోలులోనో పని చేస్తున్నాడు. అతని మీద చిందోళ్లకున్న మిరాశి ఊర్లోనే ఆగిపోయింది. నగరంలో అతని దగ్గరికి వచ్చి హక్కు అడగడానికి ఒక వాడ లేదు, ఒక పందిరి లేదు. కథ చచ్చిపోలేదు, నటుడూ ఉన్నాడు. బడ్జెట్ ఒక్కటే పోయింది.

ఆ బడ్జెట్ మన చేతుల్లో ఉంది. ఏప్రిల్ 5న జగ్జీవన్ రామ్, 11న ఫూలే, 14న బాబాసాహెబ్ జయంతులు. ప్రతి బస్తీలో కమిటీ ఉంటుంది, చందాలు వస్తాయి. నేను చాలా కమిటీల్లో కూర్చున్నాను. మొదట మాట్లాడేది డీజే గురించి. ఫ్లెక్సీలకు, డీజేకు పోగా మిగిలితే డప్పు వాళ్లకు. చిందు మేళం పేరు ఎవరి నోటా రాదు. ఎస్సీ వర్గీకరణ 2025లో అమల్లోకి వచ్చింది కూడా ఏప్రిల్ 14నే. రిజర్వేషన్‌లో ఎవరి వాటా ఎంత అని 30 ఏండ్లు కొట్లాడినవాళ్లం, మన సొంత వేదిక మీద వాటా ఎంతో ఒక్కసారీ అడగలేదు.

నేను పాత మిరాశి తెమ్మనడం లేదు. అందులోని కులం మనకొద్దు. అందులోని హక్కు కావాలి. కమిటీ ఒక మేళాన్ని పిలవాలి. కూలి ఎంతో ముందే మాట్లాడి కాగితం మీద రాయాలి. రానుపోను ఖర్చులు, తిండి, పడుకునే చోటు కమిటీయే చూడాలి. మేళంలో ఆడవాళ్ల కూలి వాళ్ల చేతికే ఇవ్వాలి. వచ్చిన కళాకారులను "అరే" అని పిలవకుండా, నాయకులకు వేసిన కుర్చీల్లోనే కూర్చోబెట్టాలి. వాళ్ల పిల్లలు గజ్జె కట్టాలా, లాప్‌టాప్ పట్టాలా అన్నది వాళ్ల ఇష్టం. కళను కాపాడటం పేరు మీద ఎవర్నీ కులవృత్తికి కట్టేసే అధికారం మనకు లేదు.

విద్యార్థి మిత్రులకు ఒక పని. జాంబపురాణం ఒక్కో మేళంలో ఒక్కో తీరుగా ఉంటుంది. అడిగి, ఒప్పించి రికార్డు చేయండి. చెప్పినవాళ్ల పేరు ముందు రాయండి, మీ పేరు తర్వాత రాయండి. ఒక కాపీ వాళ్ల ఇంటికి చేర్చండి.

వచ్చే ఏప్రిల్‌కు ఇంకా టైముంది. మీ బస్తీ కమిటీ మొదటి మీటింగులో, డీజే మాట రాకముందే చిందు మేళం మాట ఎత్తండి.

వచ్చే భాగంలో డప్పు గురించి, దానికి కూలి అడిగిన చరిత్ర గురించి రాస్తాను.

జై భీమ్!