మిరాశి నుంచి అర్జీకి: కాసిపేట సీమలో కళాపోషణ

బొగ్గుగనుల కాసిపేట పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోనిది. ఆ జిల్లా రాజగోండుల సీమ. గోండు వంశాల పురాణాలను కీక్రి వాయిస్తూ పాడేవారు పర్ధానులు. పోషక కుటుంబాలు ఇచ్చే ధాన్యం, పశువులు వారికి వంశపారంపర్యపు హక్కు. 1940 దశకంలో ఇక్కడ పరిశోధించిన హైమన్‌డార్ఫ్ ఈ సంబంధాన్ని వివరంగా నమోదు చేశారు. తెలుగు ఆశ్రిత కులాల మిరాశి, త్యాగం దీనికి దగ్గరివే. వీటికి అర్జీ అక్కరలేదు.

కేంద్ర సంస్కృతి మంత్రిత్వ శాఖ ఫెలోషిప్ తీరు వేరు. సీనియర్‌కు నెలకు 20,000, జూనియర్‌కు 10,000 రూపాయల చొప్పున రెండేళ్లు అందే ఈ సాయానికి కళాకారుడు తన ప్రణాళికను ముందుగా రాసి చూపాలి. ఆపై ఆరు నెలలకొక నివేదిక పంపాలి. పర్ధాను కథనమో, పోషకుల ఎదుట, వారి క్రతువులో రూపుదిద్దుకొనేది. అది ఒక వ్యక్తి సొత్తు కాదు. రాయడమే వృత్తియైన పరిశోధకునికి అనువైన ఈ ఏర్పాటు, పాడేవానికి ఆ మేరకు దూరమే.