భారతి మాసపత్రిక

పత్రిక యనగానే అందెవరు వ్రాసిరని యడుగుదుము గాని, దానికి సొమ్మెవరు పెట్టిరని యడుగము. తెనుగునాట సాహిత్యపత్రికల యాయువు మాత్రము ఈ రెండవ ప్రశ్న మీదనే నిలిచినది.

1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు వివేకవర్ధనిని వెలువరించిరి. 1885లో నెల్లూరున పూండ్ల రామకృష్ణయ్యగారు అముద్రిత గ్రంథ చింతామణిని ప్రారంభించి, తాటాకులలో నణగియున్న కావ్యముల నచ్చున కెక్కించిరి. మన రాయవరమునకు చేరువనున్న పొలమూరున జన్మించిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు రాజమహేంద్రవరమున ప్రబుద్ధాంధ్రను నడపిరి. ఇట్టి పత్రికలలో పెక్కు ఒకరి శ్రమతోను, చందాదారుల దయతోను నడచినవే. చందాను మనవారు పంట చేతికి వచ్చినపుడిత్తు మందురు. కాగితపు వర్తకుడు పంట వరకు నాగడు గదా!

ఈ చిక్కు నెరిగినవారు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. వారు కృష్ణామండలమందలి ఎలకుర్రున 1867లో జన్మించి, బొంబాయి చేరి, 1893లో అమృతాంజనమును స్థాపించిరి. 1908లో అచ్చటనే ఆంధ్రపత్రికను వారపత్రికగా మొదలిడి, 1914లో మద్రాసున దినపత్రికను గావించిరి. 1924 జనవరిలో భారతి పుట్టెను. తలనొప్పికి మందమ్మి గడించిన ధనమును తలనొప్పి దెచ్చు పండితవాదములకు వెచ్చించిరని పరిహసింపవచ్చును గాని, ఆ చిన్న సీసా లేకున్న భారతి లేదు.

అందేమి యుండెడి దందురా? కథలు, పద్యములు, చిత్రములు నుండెడివి. నా కన్నిటికంటె మిన్నయైనవి పరిశోధనవ్యాసములు. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు శాసనములను, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ప్రాచీనకవులను గూర్చి వ్రాసెడివారు. ఒక సంచికలో నొకరు కవికాలమును నిర్ణయింప, మరియొక సంచికలో వేరొకరు ఖండింతురు. అంతట మొదటివారు మరల కలము పట్టుదురు. గ్రామమున గూర్చున్నవాడును ఆ తగవును నెలనెల వినుచు, తనకు దోచిన పక్షమున నిలువవచ్చును. నాకు కావ్యములు చెప్పిన గురువులు వ్యావహారికమును సహింపరు. అయినను భారతిలో నట్టి వ్యాసము వచ్చినచో, తుదిపుట వరకు జదివిన పిమ్మట గాని కోపపడెడివారు కారు.

పంతులుగారు 1938లో పరమపదించిరి. వారి యల్లుడు శివలెంక శంభుప్రసాదుగారు 1972లో తాము కన్నుమూయువరకు పత్రికను కాపాడిరి. 1991లో ఆంధ్రపత్రికయు, భారతియు నిలిచిపోయినవి. అప్పటికి నేను బడిపంతులునై కొలది యేండ్లే యైనది. కొంతకాలము గ్రంథాలయమున కేగినపుడెల్ల చేయి ఆ బల్లవైపే పోయెడిది.

అరువదియేడేండ్లు తక్కువ కాలము గాదు. అయినను దూరదేశపు వృత్తాంత మొకటి పోల్చి చూడుడు. నార్వే దేశము చిరకాలము డేనుల యేలుబడిలో నుండుటచే, అచ్చటి వ్రాతభాషయు డేనులదే యయ్యెను. పల్లెల పలుకుబడి నుండి కూర్చిన వ్రాతభాషను పోషించుటకై 1868లో అచ్చట నొక సంఘ మేర్పడినది. ఆ సంఘము 1894లో ‘సూన్ ఓ సెగ్న్’ అను పత్రికను వెలువరించెను. భారతికంటె ముప్పదేండ్లు పెద్దదియైన ఆ పత్రిక నేటికిని వచ్చుచున్నది. దాని వెనుక చందాలిచ్చు సభ్యుల సంఘమున్నది. మన భారతి వెనుక నున్న దొక్క కుటుంబము. పంతులుగారి దాతృత్వమును బొగడితిమి, బిరుదము లిచ్చితిమి, ఆ బరువులో పాలు మాత్రము పంచుకొనలేదు.

పలు సంచికలకు నేడు యంత్రముతో ప్రతిబింబములు తీసి భద్రపరచిరి. ఐనను మీ యటుకల మీద, తాతలనాటి పెట్టెలలో భారతి కట్టలు మిగిలియుండవచ్చును. వానిని పాతకాగితముల వానికి తూకమున కమ్మక, చెదలు పట్టకముందే దింపి, నీడలో నారవేసి, ఏ నెల ఏ యేడు సంచికలున్నవో ఒక చీటిపై వ్రాసి, దగ్గరి గ్రంథాలయమున కిండు.