మద్రాసు రుమాలు వెళ్ళిన దారి

మా తాతగారు నలభై ఏళ్ళు గళ్ళ రుమాళ్ళు నేశారు. మద్రాసుకు ఉత్తరాన, తమిళనాడులో కలిసిపోయిన తెలుగు పల్లె మాది. ఆ రోజుల్లో ఏ ఇంట విన్నా గుంటమగ్గం చప్పుడే. ఎరుపు, నీలం, తెలుపు గళ్ళు. ఎనిమిది గజాల తాను, గజానికొక రుమాలు. ఆ బట్టను మా ఊళ్ళో ఎవరూ కట్టుకోగా నేను చూడలేదు. చెడిపోయిన ముక్క ఏదైనా మిగిలితే అవ్వ ఊరగాయ జాడీకి వాసెన కట్టేది, అంతే. "ఇవి ఎవరు కట్టుకుంటారు తాతా?" అంటే "సీమ దొరలు" అనేవారు. ఆయనకు సావుకారు చెప్పిన మాట అది. సావుకారుకు ఎవరు చెప్పారో!

అది నిజం కాదని నాకు తెలిసేసరికి తాతగారు లేరు.

వర్తకుల భాషలో ఆ బట్ట పేరు 'రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్'. చీరాల చుట్టుపక్కలా, మద్రాసు చుట్టుపక్కలా నేసిన ఆ తానులు పోయింది పశ్చిమాఫ్రికాకు. నైజీరియాలో నైజర్ నది పాయలుగా చీలి సముద్రంలో కలిసేచోట, మడ అడవుల మధ్య, కలబారి అనే జనం ఉన్నారు. వాళ్ళు ఈ బట్టను 'ఇంజిరి' అంటారు. పండుగకూ పేరంటానికీ అదే. ఇంట్లో పెద్దవాళ్ళు పోతే వారిని పడుకోబెట్టే మంచాన్ని ఆ ఇంటి పెట్టెల్లో తరతరాలుగా దాచిన బట్టలతో అలంకరిస్తారు. వాటిలో ఇంజిరికి పెద్దపీట.

ఇంజిరి అన్న మాట 'ఇండియా' నుంచి పుట్టిందని పరిశోధకులు అంటారు. యానాం పక్కనే ఇంజరం ఉంది. అక్కడ ఇంగ్లీషువాళ్ళకు బట్టల ఫ్యాక్టరీ ఉండేది. ఆ రెండు పేర్లను జతచేయాలని నాకు చాలా ఆశపుట్టింది. ఆధారం ఒక్కటీ లేదు కనుక ఆశను ఆశగానే వదిలేశాను.

ఇంత దూరపు దారి ఎలా పడింది? మన తీరానికీ వాళ్ళ తీరానికీ మధ్య నేరుగా ఓడలు నడిచి కాదు. ఇంగ్లీషు కంపెనీ 1611లో మచిలీపట్నంలో వ్యాపారం పెట్టింది, 1640లో మద్రాసు కోట మొదలుపెట్టింది. ఇక్కడ కొన్న బట్ట లండనుకు పోయి వేలంలో అమ్ముడయ్యేది. 1672లో సన్నదు పొందిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీ వంటివారు ఆ సరుకును గినీ తీరానికి పట్టుకుపోయేవారు. అక్కడ బట్ట ఇచ్చి వాళ్ళు కొన్నది మనుషుల్ని. కలబారి, దాని పొరుగున ఉన్న బానీ, రెండూ బానిసల రేవులే.

1700లో ఇంగ్లండు పార్లమెంటు ఒక చట్టం చేసింది. రంగులద్దిన ఆసియా బట్టను ఇంగ్లండులో ఎవరూ వాడరాదు. గిడ్డంగిలో దించి పరదేశాలకు తిరిగి పంపుకోవచ్చు. అంటే మన సరుకు తమ ఒంటిమీదికి రాకూడదు, తమ లాభానికి మాత్రం అడ్డులేదు. మాంచెస్టరువాళ్ళు ఆఫ్రికా కోసం మన గళ్ళను అనుకరించి నేశారు. చాలాకాలం అవి మన రంగుల ముందు నిలవలేకపోయాయి. అసలుదో నకిలీదో కొనేవాళ్ళు వాసన చూసి చెప్పేవారట. ఆ వాసన నాకు తెలుసు. రంగు, నూనె, గంజి కలిసిన వాసన. మా ఇంటి వాసన.

మన నేత ప్రపంచాన్ని కప్పిందని సభల్లో గొప్పగా చెప్పుకుంటాం. దాని వెలగా మనుషులు అమ్ముడయ్యారన్న ముక్క ఎవరూ ఎత్తరు. నేనూ చాలాకాలం ఎత్తలేదు. నేసినవాడికి తెలియదు కదా అని సర్దుకున్నాను. తెలియని మాట నిజమే. కాని వెల కట్టేవాడు నడుమ కూర్చుని, నేసేవాడు కట్టేవాణ్ణి ఎరగకుండా ఉండబట్టే ఆ వ్యాపారం అలా సాగింది.

1807లో బ్రిటన్ బానిస వ్యాపారాన్ని నిషేధించాక నైజర్ పాయల్లో బేరం తాటినూనెకు మళ్ళింది. (మన తాటి కాదు, నూనెతాటి.) బట్ట మాత్రం మారలేదు.

ఫ్రెంచివాళ్ళ కథ యానాం పాఠకులకు దగ్గర. 1731 నుంచి వారు యానాంలో స్థిరపడింది ముఖ్యంగా బట్టల కోసమే. పుదుచ్చేరి నుంచి ఓడ ఎక్కిన నీలిబట్టకు వారు పెట్టిన పేరే 'గినే'. సెనెగల్ నది ఒడ్డున 19వ శతాబ్దంలో అది దాదాపు నాణెంగా చెలామణి అయింది. దానికి మారుగా తుమ్మజిగురు కొనేవారు. ఆ జిగురు యూరపులో బట్టల అద్దకానికి పనికొచ్చేది. మన బట్టతో కొన్న జిగురు, మన బట్టను దెబ్బతీసిన బట్టకు మెరుగుపెట్టింది!

20వ శతాబ్దంలో సింధీ వర్తకులు లాగోసులో కొట్లు తెరిచాక సరుకు పంపడం కొంత మన చేతికి వచ్చింది. 1955లో బాండుంగులో 29 దేశాలు కూర్చుని, మనలో మనం వ్యాపారం పెంచుకుందామన్నాయి. 1964లో జెనీవాలో 77 దేశాల కూటమి ఏర్పడింది. 1988లో బెల్‌గ్రేడులో, వర్ధమాన దేశాలు ఒకదానికొకటి సుంకాలు తగ్గించుకునే ఒప్పందం జరిగింది. ఇండియా, నైజీరియా రెండూ అందులో ఉన్నాయి. అయినా రుమాలుకు ఒరిగిందేమీ లేదు. తన మిల్లుల్ని కాపాడుకోవడానికి నైజీరియా దిగుమతి బట్టను పలుమార్లు నిషేధించింది. చమురు ధర పడిపోయింది. 1986లో నైరా విలువ దిగజారింది. నైజీరియాను నేను తప్పుపట్టను. మనమూ ఎన్నో సరుకులకు తలుపులు మూసి, 2001లో గాని పూర్తిగా తీయలేదు. కాని మా ఊళ్ళో ఒకదాని తర్వాత ఒకటి మగ్గం గుంటలు పూడ్చుకున్నారు. ఇప్పుడు అక్కడినుంచి మనకొచ్చేది ముఖ్యంగా ముడిచమురు. అందులో ఒక రకం పేరు బానీ లైట్. ఆ పాత రేవు పేరే.

కలబారి ఆడవాళ్ళు ఇంజిరిని ఉన్నదున్నట్టు కట్టుకోరు. సూదితో లేత రంగు పోగులను పైకెత్తి, బ్లేడుతో కోసి లాగేస్తారు. ముదురు పోగులు మిగిలి, గళ్ళలోనే తాబేలు వంటి కొత్త నమూనాలు తేలుతాయి. దాన్ని 'పెలెతె బితె', అంటే కోసిన బట్ట, అంటారు.

ఒక పుస్తకంలోని ఆ బొమ్మను మా పెదనాయనకు చూపించాను. మా వంశంలో రుమాలు నేసినవాళ్ళలో మిగిలింది ఆయనొక్కడే. చూడగానే మొహం ముడుచుకున్నాడు.

"ఏందప్పా ఇది! నేసిన గుడ్డను కోసేసినారే!"

పుస్తకం నా చేతికివ్వలేదు. కళ్ళజోడు తుడుచుకుని వెలుతురుకు పట్టుకున్నాడు. వేలితో పడుగు వెంట ఒకసారి, పేక వెంట ఒకసారి పోగులు లెక్కపెట్టాడు.

"నాలుగు తీసి రెండు వదిలింది. యాడా జారలేదు చూడు. నేత తెలిసిన చెయ్యిరా ఇది," అన్నాడు. కాసేపాగి, "ఆయమ్మ పేరేంది?" అని అడిగాడు.

బొమ్మ కింద పేరు లేదు.