టెర్మినల్ అప్పుకు పూచీ ఎవరు?

అమెరికాలో పెద్ద విమానాశ్రయాలు దాదాపు అన్నీ ప్రభుత్వానివే. వాటిని నగరపాలక సంస్థో, కౌంటీయో, వాటి తరఫున ఏర్పడిన అథారిటీయో నడుపుతుంది. అయినా కొత్త టెర్మినల్ కట్టాలన్నా, ఉన్నదాన్ని విస్తరించాలన్నా సాధారణంగా ఇంటిపన్ను జోలికి పోరు. రెవెన్యూ బాండ్లు అమ్మి అప్పు తెస్తారు. విమానాలు దిగినందుకు కట్టే ఫీజు, దుకాణాల అద్దెలు, పార్కింగ్ వసూళ్లు, వీటితోనే అసలూ వడ్డీ తీరుస్తారు. ఆ రాబడి చాలకపోయినా నగర ఖజానాను అడిగే హక్కు బాండ్లు కొన్నవాళ్లకు ఉండదు. వాడుకునేవాడే కట్టాలన్న న్యాయం ఇందులో ఉందని ఈ పద్ధతిని మెచ్చుకుంటారు. ఆ మెప్పు సగమే సరైనది. ఈ బాండు పుట్టింది ఓటరు వేసిన కళ్లాన్ని తప్పించుకోవడానికి. ఇన్నాళ్లు నిలబడింది మాత్రం నష్టం వస్తే భరిస్తానని సంతకం పెట్టే పూచీదారు దొరికినందువల్ల. పూచీ గట్టిగా ఉన్నచోట అప్పు తీరింది, వదులైనచోట ఎగిరిపోయింది. విమానాశ్రయ రుణాల చరిత్రలో చూడవలసిన అసలు సంగతి ఇదే.

కాలువలకూ రైలుమార్గాలకూ బ్యాంకులకూ విచ్చలవిడిగా అప్పులు చేసి 1841-42లో ఎనిమిది అమెరికన్ రాష్ట్రాలు బాకీలు కట్టలేక చేతులెత్తేశాయి. ఆ దెబ్బతో రాష్ట్రాలు ఒక్కొక్కటిగా తమ రాజ్యాంగాల్లో రుణ పరిమితులు రాసుకున్నాయి. పెద్ద అప్పుకు ఓటర్ల ఆమోదం ఉండాలని న్యూయార్క్ 1846లోనే నిబంధన పెట్టింది. నగరాలకూ ఇలాంటి కట్టుబాట్లే వచ్చాయి. ఊళ్లు పెరుగుతుంటే మంచినీటి పథకాలు ఆగవు, అప్పు పరిమితి చూస్తే అప్పటికే నిండిపోయింది. వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పొకేన్ నగరం దీనికో దారి వెతికింది. నీటి పన్నుల రాబడిని విడి నిధిలో వేసి, ఆ నిధి నుంచి మాత్రమే తీర్చే బాకీ రాజ్యాంగం చెప్పిన అప్పు కిందికి రాదని 1895లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత వంతెనలకూ సొరంగాలకూ ఓడరేవులకూ ఇదే సూత్రం పాకింది.

విమానాశ్రయాల దాకా రావడానికి అర్ధ శతాబ్దం పట్టింది. ఓడరేవులు కట్టుకునే పని స్థానిక సంస్థలదే అన్న పాత ఆనవాయితీని అనుసరించి, 1926 ఎయిర్ కామర్స్ చట్టం ఫెడరల్ ప్రభుత్వాన్ని విమానాశ్రయాల నిర్మాణానికి దూరంగా ఉంచింది. దాంతో భారం నగరాల మీద పడింది. 1928లో సెయింట్ లూయిస్ ఓటర్లు 20 లక్షల డాలర్ల బాండ్లకు సరేనన్నారు. అవి పన్నుల హామీతో తెచ్చిన అప్పులు. ఎందుకంటే అప్పట్లో విమానాశ్రయం రాబడిని నమ్మి అప్పిచ్చేవాడు లేడు. 1945లో మయామీలో కథ మలుపు తిరిగింది. ప్యాన్ అమెరికన్ సంస్థ చేతిలో ఉన్న విమానాశ్రయాన్ని కొనడానికి డేడ్ కౌంటీ పోర్ట్ అథారిటీ 25 లక్షల డాలర్ల రెవెన్యూ బాండ్లు అమ్మింది. ఈ రంగంలో ఇదే తొలి అడుగని చెబుతారు. మరుసటి ఏడాది నుంచి ఫెడరల్ గ్రాంట్లు మొదలైనా, కాలక్రమంలో అవి ఎక్కువగా రన్‌వేలకూ భద్రతకూ పోయాయి. ఆదాయం తెచ్చే టెర్మినల్ తన ఖర్చు తానే చూసుకోవలసి వచ్చింది.

ఈ అప్పులకు గట్టి పునాది 1950ల చివర షికాగో ఓహేర్ విమానాశ్రయంలో పడింది. రాబడి తగ్గితే ఆ లోటును ల్యాండింగ్ ఫీజు పెంచి తామే పూడుస్తామని విమానయాన సంస్థలు నగరానికి రాసిచ్చాయి. ఒక లెక్క వేసి చూద్దాం. విమానాశ్రయానికి ఒక ఏడాది నిర్వహణ, అప్పు వాయిదా కలిపి 10 కోట్ల డాలర్ల ఖర్చు ఉందనుకుందాం. దుకాణాలు, పార్కింగ్, అద్దెల మీద 6 కోట్లు వచ్చాయి. మిగిలిన 4 కోట్లను ఆ ఏడాది దిగిన విమానాల మొత్తం బరువుతో భాగించి, ఎవరి బరువును బట్టి వారికి ఫీజు వేస్తారు. పార్కింగ్ వసూళ్లు పడిపోతే ఫీజు పెరుగుతుంది, పెరిగితే తగ్గుతుంది. దీనికి తోడు బాండు ఒప్పందాల్లో మరో షరతు ఉంటుంది. నిర్వహణ ఖర్చులు పోగా మిగిలే రాబడి ఏటా కట్టాల్సిన వాయిదాకు కనీసం ఒకటింపావు రెట్లు ఉండేలా రేట్లు పెట్టాలని చాలా ఒప్పందాలు కోరతాయి. బాండ్లు కొన్నవాళ్లు నమ్మింది టెర్మినల్ భవనాన్ని కాదు, ఈ రెండు మాటలను.

పూచీ ఊరికే రాదు. సంతకం పెట్టినవాడు పెత్తనమూ అడుగుతాడు. మన తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో స్థిరపడిన డాలస్ ప్రాంతమే దీనికి మంచి ఉదాహరణ. ఉమ్మడి విమానాశ్రయ అథారిటీ ప్రతిపాదనను 1967లో డాలస్ ఓటర్లు తిరస్కరించారు. అయినా మరుసటి ఏడాది డాలస్, ఫోర్ట్‌వర్త్ నగరాలు నేరుగా ఒప్పందం చేసుకుని ఉమ్మడి రెవెన్యూ బాండ్ల దారి పట్టాయి. తమ పాత విమానాశ్రయాల నుంచి సర్వీసులన్నిటినీ కొత్తదైన డీఎఫ్‌డబ్ల్యూకు తరలిస్తామని బాండ్ల ఆర్డినెన్సులోనే మాట ఇచ్చాయి. ఆ మాట ఇచ్చే నాటికి సర్వీసులే మొదలుపెట్టని సౌత్‌వెస్ట్ విమానయాన సంస్థ తర్వాత డాలస్ పాత విమానాశ్రయమైన లవ్ ఫీల్డ్‌ను వదలనంది, కోర్టులో గెలిచింది. చివరికి డీఎఫ్‌డబ్ల్యూ రక్షణ కోసం లవ్ ఫీల్డ్ విమానాల గమ్యాల మీద కాంగ్రెస్ ఆంక్షలు పెట్టింది. ఆ ఆంక్షలు 2014 దాకా సాగాయి. ఒక అప్పు పత్రంలో రాసిన మాట ఊరి జనం ఏ విమానాశ్రయం నుంచి ఎక్కడికి ఎగరాలో తేల్చే దాకా వెళ్లిందంటే, దాన్ని కేవలం ఆర్థిక వ్యవహారం అనుకోవడం పొరపాటు.

1978లో విమానయానంపై నియంత్రణలు ఎత్తేశాక ఈ పెత్తనం మరింత ఇబ్బంది పెట్టింది. పూచీ ఇచ్చిన పాత సంస్థలు దీర్ఘకాలిక లీజులతో గేట్లను పట్టుకుని కూర్చున్నాయి. విస్తరణ వద్దనే హక్కు కూడా చాలాచోట్ల వాటికుంది. పోటీకి కొత్తగా వచ్చిన సంస్థకు గేటు దొరకడమే కష్టమైంది. అందుకే 1990లో కాంగ్రెస్ ప్రయాణికుడి దగ్గర 3 డాలర్ల వరకు రుసుము వసూలు చేసుకునే అధికారాన్ని విమానాశ్రయాలకు ఇచ్చింది, 2000లో దాన్ని 4.50 డాలర్లకు పెంచింది. ఈ రాబడిని చూపించి బాండ్లు అమ్మవచ్చు, విమానయాన సంస్థల సంతకం కోసం ఎదురుచూడనక్కర్లేదు.

ఈ పద్ధతి మీద గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. రాబడిని నమ్మి ఇచ్చే అప్పు గాలిమేడ అని ఒక వాదన. డెన్వర్ కొత్త విమానాశ్రయం సామాన్ల యంత్రాంగం మొరాయించడం వల్ల 16 నెలలు ఆలస్యంగా 1995 ఫిబ్రవరిలో తెరుచుకుంది. అంతకుముందే దాని బాండ్ల రేటింగు పెట్టుబడికి తగని స్థాయికి పడిపోయింది. అయినా వాయిదాలు ఆగలేదు, ఎందుకంటే వాటి వెనక మొత్తం విమానాశ్రయం రాబడి ఉంది. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 2002లో దివాలా పిటిషన్ వేసినప్పుడు సంగతి వేరుగా నడిచింది. ఆ ఒక్క సంస్థ చెల్లింపులనే నమ్ముకుని శాన్‌ఫ్రాన్సిస్కో టెర్మినల్ పనులకు అమ్మిన బాండ్ల విషయంలో, అది నిజమైన లీజు కాదు, లీజు రూపంలో ఉన్న అప్పు మాత్రమేనని 2005లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు తేల్చింది. దాంతో మిగతా బాకీలవాళ్ల వరుసలోనే బాండ్లు కొన్నవాళ్లూ నిలబడవలసి వచ్చింది. రెండూ రెవెన్యూ బాండ్లే. వెనక నిలిచిన పూచీలోనే తేడా.

ఎంత చెప్పినా చివరికి ఖజానాయే ఆదుకుంటుందన్నది రెండో వాదన. ఇందులో నిజం ఉంది. 2020 ఏప్రిల్ 14న అమెరికా విమానాశ్రయాల తనిఖీ కేంద్రాలు దాటింది 87,534 మందే. అప్పుడు కాంగ్రెస్ విమానాశ్రయాలకు 1,000 కోట్ల డాలర్లు ఇచ్చింది, ఆ సొమ్ముతో అప్పు వాయిదాలూ కట్టుకోనిచ్చింది. బాండ్ల వడ్డీకి ఇచ్చే ఆదాయపన్ను రాయితీ కూడా ఖజానా భరించేదే. కాబట్టి పన్ను చెల్లింపుదారు మీద పైసా పడదనే మాట చెల్లదు. అయితే మహా విపత్తులో ఒకసారి ఆదుకోవడం వేరు, మొదటి రోజు నుంచే మొత్తం అప్పును ఖజానాకు తగిలించడం వేరు. మొదటి పద్ధతిలో టెర్మినల్ అవసరమా కాదా అని నిలదీసే అప్పులవాడూ, పూచీదారూ మిగులుతారు. రెండో పద్ధతిలో అడిగేవాడే ఉండడు.

ఈ తేడా మన దగ్గరా చూడవచ్చు. 2018లో అమరావతి కోసం రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏ 10.32 శాతం వడ్డీకి 2,000 కోట్ల రూపాయల బాండ్లు అమ్మింది. వాటికి రాష్ట్ర ప్రభుత్వ హామీ ఉంది. అంటే కొన్నవాళ్లకు ధైర్యమిచ్చింది రాష్ట్ర ఖజానా. శంషాబాద్ విమానాశ్రయ సంస్థ 2017లో విదేశాల్లో అమ్మిన 35 కోట్ల డాలర్ల బాండ్లు ఆ సంస్థ సొంత రాబడి మీద తీరవలసినవి. ఆ రాబడిలో ప్రయాణికుడి టికెట్‌లో కలిసే రుసుమూ ఉంది. దాన్ని నిర్ణయించే ముందు విమానాశ్రయ చార్జీల నియంత్రణ సంస్థ ఏరా సంప్రదింపుల పత్రం విడుదల చేసి అభిప్రాయాలు తీసుకుంటుంది. ఓటు లేని ప్రయాణికుడికి మాట్లాడే చోటు అదే. విస్తరణకు ఎంత అప్పు తెచ్చారు, వాయిదాకు ఎన్ని రెట్ల రాబడి చూపారు, అంచనా తప్పితే లోటు ఎవరి మీద పడుతుంది అన్న మూడు ప్రశ్నలకు ఆ పత్రంలోనే మామూలు మనిషికి అర్థమయ్యే జవాబు ఉండాలి. ఓటరు అనుమతి అక్కర్లేని అప్పుకు కనీసం ఓటరు కళ్లముందు లెక్క ఉండాలని అడగడం న్యాయం. ఆ లెక్క చూపలేని టెర్మినల్‌కు, అది ఎంత అందంగా ఉన్నా, అప్పు పుట్టకూడదు.