ఇరవయ్యొక్క మందితో మొదలైన ఊరు

ముప్ఫయ్యేళ్ళకు పైగా పిల్లలకు సంధులు, సమాసాలు చెప్పుకొని బతికినవాడిని. వ్యాపారం నా విషయం కాదు. అయినా ఈ పర్యాయం వ్యాపార చరిత్రకు సంబంధించిన సంగతి ఒకటి వ్రాయబూనుకున్నాను. అందుకు కారణం మా మేనల్లుడు.

వాడు కొన్నేళ్ళ క్రిందట మంచి ఉద్యోగం వదలుకొని, ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక అంకుర సంస్థ పెట్టాడు. చదువు అయిపోయినవారి పాత పుస్తకాలు చదువబోయేవారికి చేరేటట్లు ఫోనులో ఒక ఏర్పాటు. ఆలోచన చక్కనిదే. నా పదవీ విరమణ సొమ్ములో కొంత నేనూ ఇచ్చాను. రెండు రాష్ట్రాలలోనూ ఒకే రోజున ప్రారంభించారు. రెండేళ్ళు తిరగకుండానే మూతబడింది. “పుస్తకాలున్నవారు కొనేవారు లేరని రాలేదు మామయ్యా, కొనేవారు పుస్తకాలు లేవని రాలేదు” అన్నాడు. ఆ తరువాత మా ఇంటికి రావడం మానుకున్నాడు. డబ్బు పోయినందుకు కాదు గాని, వాడు ముఖం చాటేసినందుకు నాకు కష్టం కలిగింది.

చెట్టు ముందా, విత్తు ముందా అన్న ఈ చిక్కును వాడికంటె ముందు ఎవరైనా విప్పారా అని వెతుక్కుంటూ పోతే టెలిఫోను కథ దగ్గర తేలాను. మనం ఆ కథను అలెగ్జాండర్ గ్రాహం బెల్, 1876, పేటెంటు అన్న మూడు మాటలతో పిల్లల చేత వల్లె వేయించి ముగించేస్తాం. అసలు కథ అక్కడినుండే మొదలవుతుంది.

టెలిఫోనుకు ఒక విచిత్రమైన గుణం ఉన్నది. కుట్టు మిషను ఊరంతటికీ ఒక్కటే ఉన్నా గుడ్డలు కుడుతుంది. గడియారం ఒక్కటే ఉన్నా కాలం చెబుతుంది. టెలిఫోను ఒక్కటే ఉంటే దానివల్ల ఏమీ కాదు. సంధి జరగాలంటే పూర్వస్వరంతో పాటు పరస్వరమూ ఉండాలి కదా! అవతలి ఇంట్లో రెండవది ఉన్నప్పుడే ఇవతలి ఇంట్లో మొదటిదానికి అర్థం. మరి రెండవవాడు లేకుండా మొదటివాడు ఎందుకు తీసుకుంటాడు?

బెల్ వారు దీనికి కనుక్కొన్న తొలి ఉపాయం, ఒకే మనిషికి రెండూ ఇవ్వడం. 1877లో వారు వెలువరించిన ప్రకటనను బట్టి రెండు ఫోనులకు కలిపి ఏడాదికి అద్దె ఇళ్ళకైతే 20 డాలర్లు, వ్యాపారానికైతే 40. దుకాణంలో ఒకటి, ఇంట్లో ఒకటి, నడుమ తీగ. యజమాని తన ఇంటితో తానే మాట్లాడుకుంటాడు. పొరుగువాడు చేరినా చేరకపోయినా వీడికి ప్రయోజనం ఉన్నది. రెండవ ఉపాయం అమ్మకుండా అద్దెకు ఇవ్వడం. బెల్‌కు మామగారైన గార్డినర్ హబ్బర్డ్ న్యాయవాది. ఈ పద్ధతిపై పట్టుబట్టినవాడు ఆయనే. అద్దె గనుక కొత్త వస్తువును నమ్మనివాడు కూడా కొద్ది సొమ్ముతో చూడగలిగాడు. యంత్రం మాత్రం కంపెనీ చేయి దాటిపోలేదు.

అదే ఏడాది బోస్టను నగరంలో ఎడ్విన్ హోమ్స్ అనే ఆయన మరొక దారి చూపాడు. ఆయనది దొంగలు పడితే గంట మ్రోగించే వ్యాపారం. బ్యాంకులకు ఆయన వేసిన తీగలు అప్పటికే ఉన్నాయి. పగటిపూట ఊరకే పడి ఉన్న ఆ తీగలకే ఫోనులు తగిలించి, బ్యాంకుల నడుమ మాటలు నడిపించాడు. లేని జనాన్ని పోగుచేయడం కంటె, వేరొక పనికి ఇదివరకే ముడిపడి ఉన్న జనాన్ని వాడుకోవడం సులభమన్నమాట.

ఇక అసలైన ఘట్టం. 1877 ఏప్రిల్‌లో బెల్ కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్ పట్టణంలో ఒక ప్రదర్శన ఇచ్చాడు. చూడవచ్చినవారిలో జార్జ్ కోయ్ అనే టెలిగ్రాఫు ఉద్యోగి ఉన్నాడు. ఇంటికీ దుకాణానికీ తీగ వేయడమేమిటి, అందరి తీగలనూ ఒకచోటికి తెచ్చి, ఎవరికి ఎవరు కావాలంటే వారిని అక్కడ కలిపితే సరిపోదా అని ఆయనకు తోచింది. 1878 జనవరి 28న ఇద్దరు భాగస్వాములతో కలిసి ఎక్స్చేంజి తెరిచాడు. కలపడానికి వాడిన పలకను బండి బోల్టులతో, స్త్రీల దుస్తులలోని తీగలతో తానే కూర్చుకున్నాడట. చందాదారులు 21 మంది. నెలకు డాలరున్నర.

ఇరవయ్యొక్క మంది! నేటి అంకుర సంస్థలవారు వింటే నవ్వుతారు. అయితే ఆ 21 మందీ ఒకే ఊరివారు. ఫిబ్రవరి 21న అచ్చయిన వారి పట్టిక ఒక్క పుట. ప్రపంచంలో తొలి టెలిఫోను డైరెక్టరీగా దానినే చెబుతారు. అందులో 50 పేర్లున్నాయి. కొన్ని ఇళ్ళు, వైద్యులు, దుకాణాలు, పోలీసు ఠాణా, తపాలా కార్యాలయం. ఊళ్ళో మనిషికి ఏ అపరాత్రివేళ ఎవరితో పనిపడుతుందో వారే అందులో ఉన్నారు. వైద్యుడు ఒక్కడు చేరితే రోగి ఇంటివారు పదిమంది చేరడానికి కారణం దొరుకుతుంది.

ఇక్కడ చిన్న లెక్క చేసి చూడండి. 21 మందిలో ఇద్దరేసి చొప్పున మాట్లాడుకొనే జంటలు 210. మనుషులు 42 మంది అయితే జంటలు 861. మనుషులు రెండింతలైతే బంధాలు దాదాపు నాలుగింతలు. 50 మందికి 1,225. దీనినే నేటివారు నెట్‌వర్క్ ఎఫెక్ట్ అంటున్నారు. ‘జాల ప్రభావం’ అనుకుందాం; అంతకంటె మేలైన మాట తోచినవారు చెప్పండి. ఈథర్నెట్ రూపకర్తలలో ఒకరైన రాబర్ట్ మెట్కాఫ్ పేరుతో ఈ లెక్క ‘మెట్కాఫ్ సూత్రం’గా 1990ల నుండి ప్రచారంలోకి వచ్చింది. కాని అన్ని జంటలూ సమానం కావని మనకు తెలుసు. నా ఫోనులో వందలమంది పేర్లున్నాయి. నేను మాట్లాడేది పదిమందితో. అందుచేత ఎంతమంది ఉన్నారన్నదానికంటె, నాకు కావలసినవారు ఉన్నారా అన్నదే పెద్ద ప్రశ్న. న్యూ హేవెన్ పట్టికకు బలం అక్కడున్నది.

మా వాడి సంస్థలో చేరినవారు వేలల్లోనే ఉన్నారు. కాని శ్రీకాకుళంలో ఒకరి దగ్గర నిఘంటువు ఉంటే, దానిని కోరినవారు ఆదిలాబాదులో ఉన్నారు. వేలమంది ఉండి కూడా ఎవరికివారు ఒంటరిగా ఉన్నారన్నమాట.

తిరిగి కథకు వస్తాను. అప్పట్లో అమెరికాలో టెలిగ్రాఫు సామ్రాజ్యం వెస్టర్న్ యూనియన్‌ది. దేశమంతటా తీగలున్న ఆ సంస్థ ఎడిసన్ తయారుచేసిన మేలైన యంత్రంతో ఫోనుల వ్యాపారంలోకి దిగింది. బెల్ వారు పేటెంటు పేర న్యాయస్థానానికి ఎక్కారు. 1879 నవంబరు 10న రాజీ కుదిరింది. వెస్టర్న్ యూనియన్ 55 పట్టణాలలోని సుమారు 56 వేల ఫోనులను అప్పగించి, పేటెంటు గడువు తీరేదాకా అద్దెలలో 20 శాతం పుచ్చుకొని తప్పుకొన్నది. ఇక బెల్ వారికి ఎదురు లేదు. 1882లో మన దేశంలో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో ఎక్స్చేంజీలు వెలిశాయి. అప్పుడు మద్రాసు మన కోస్తా, రాయలసీమ వారికీ రాజధానియే.

ఎదురు లేనివాడికి ఏమవుతుందో అదే అయింది. అద్దెలు పెరిగాయి. పెద్ద పట్టణాలలో లాభం కనబడుతుండగా పల్లెల ముఖం చూసినవారు లేరు. 1893, 1894లలో తొలి పేటెంట్ల గడువు తీరగానే ఆ పల్లెలే తిరగబడ్డాయి. వేల సంఖ్యలో స్వతంత్ర కంపెనీలు, రైతుల సహకార సంఘాలు పుట్టుకొచ్చాయి. తీగకు డబ్బు లేని రైతులు పొలాల చుట్టూ వేసుకున్న ముళ్ళకంచెనే తీగగా వాడుకున్నారు! పదీ పదిహేను ఇళ్ళకు ఒకే లైను. ఒకరు మాట్లాడుతుంటే తక్కినవారందరూ వినవచ్చు. రచ్చబండ తీగమీదికి ఎక్కింది. 1907 నాటికి ఆ దేశంలో సుమారు 60 లక్షల ఫోనులుంటే, దాదాపు సగం ఈ స్వతంత్రులవే.

ఇంతకూ బెల్ వారు తమ జాలంలోకి ఈ స్వతంత్రులను రానివ్వలేదు. చాలా పట్టణాలలో రెండేసి కంపెనీలు. ఒకదాని చందాదారు మరొకదాని చందాదారుతో మాట్లాడలేడు. దుకాణాలవారు, వైద్యులు రెండింటికీ రెండు అద్దెలు కట్టి, బల్లమీద రెండు ఫోనులు పెట్టుకొన్నారు. పేదవాడు ఒకటే పెట్టుకొని సగం ఊరికి దూరమయ్యాడు. పక్కింటివారు మరొక కంపెనీలో ఉంటే గోడమీదుగా కేక వేయవలసిందే.

1907లో థియోడార్ వెయిల్ ఏటీ అండ్ టీ అధ్యక్షుడుగా తిరిగివచ్చాడు. అవతలి కొసన మరొకటి లేని టెలిఫోను ఆటవస్తువుగా కూడా పనికిరాదన్న భావాన్ని 1908 వార్షిక నివేదికలో స్పష్టంగా చెప్పాడు. దాని విలువ ఇతర ఫోనులతో ఉన్న సంబంధాన్ని బట్టి ఉంటుందని, సంబంధాలు పెరిగినకొద్దీ పెరుగుతుందని ఆయన మాట. నూరేళ్ళ తరువాత అంకుర సంస్థలవారు చెప్పేదంతా ఆ నాలుగు మాటలలోనే ఉన్నది. దాని నుండి ఆయన తీసిన నిర్ణయం, దేశమంతటికీ ఒకే విధానం, ఒకే వ్యవస్థ ఉండాలని. ఆ ఒకటి తనదే కావాలని వేరుగా చెప్పనక్కరలేదు కదా! దూరప్రాంతాలకు మాట పోవాలంటే బెల్ వారి తీగే దిక్కు. ఆ తీగను ఎరగా చూపి చిన్న కంపెనీలను ఒక్కటొక్కటిగా కొనసాగాడు.

ప్రభుత్వం కన్నెర్ర చేసింది. 1913 డిసెంబరులో ఒప్పందం జరిగింది. ఏటీ అండ్ టీ ఉపాధ్యక్షుడు కింగ్స్‌బరీ పేరుతో అది ప్రసిద్ధం. వెస్టర్న్ యూనియన్‌లోని తమ వాటాలను వదులుకుంటామని, స్వతంత్ర కంపెనీలవారికి దూరపు లైన్లు కలుపుతామని, అనుమతి లేనిదే పోటీ కంపెనీలను కొనబోమని మాట ఇచ్చారు. ఆ తరువాత కూడా ఆ ఏకచ్ఛత్రం చాలాకాలం సాగి, 1984లో గాని ముక్కలు కాలేదు.

ఈ కథలో నాకు కనబడినవి రెండు. జాలం మొలకెత్తాలంటే ఒక చిన్న చోట చిక్కగా మొలకెత్తాలి. మొలకెత్తి మానైన తరువాత, అదే గుణం వెలుపలివారికి గోడ అవుతుంది. చేరినవారి సుఖం పెరిగినకొద్దీ చేరనివారి కష్టం పెరుగుతుంది. మొదటిదానికి తెలివి కావాలి. రెండవదానికి ధర్మం కావాలి.

ఆ రెండవ సంగతి మన తరానికి అనుభవమే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా వీధికంతటికీ ఒకే ఫోను, కిరాణా కొట్టు శెట్టిగారిది. మా అందరి ఉత్తరాలమీదా ఆయన నంబరే, పక్కన ‘పి.పి.’ అన్న రెండక్షరాలతో. మా నాన్నగారు పోయిన కబురు నాకు ఆ ఫోనులోనే వచ్చింది. అర్ధరాత్రివేళ శెట్టిగారు స్వయంగా వచ్చి తలుపు తట్టి, “పంతులుగారూ, ఊరినుంచి ఫోను” అన్నారు. జాలంలో లేని పాతిక ఇళ్ళను ఆయన మంచితనం జాలంలోకి కలిపింది. ఏ ఒప్పందమూ ఆయనచేత ఆ పని చేయించలేదు.

మంచితనం అన్నివేళలా దొరకదు గనుక ఏర్పాటు ఉండాలి. 2016లో వచ్చిన యూపీఐ అటువంటిది. ఒక బ్యాంకువారి ఖాతానుండి మరొక బ్యాంకువారి ఖాతాకు, ఎవరి ఆప్ వాడినా సొమ్ము పోతుంది. మా వీధిలో కూరలమ్మే ఆమె బల్లమీద రెండు ఫోనులు అక్కరలేకపోయింది. అమెరికాలో ప్రభుత్వం బెదిరించి సాధించిన కలయికను ఇక్కడ పుట్టుకలోనే పెట్టారు.

ఇదంతా కాగితంమీద వ్రాసి మేనల్లుడికి పంపాను. డబ్బు ప్రసక్తి తేలేదు. న్యూ హేవెన్‌వారి ఆ 21 మంది సంగతి మాత్రం క్రింద గీత గీసి పంపాను. పోయిన ఆదివారం వాడు వచ్చాడు. మీ అత్తయ్య చేసిన పులిహోర తినిపోరా అంటే కూర్చున్నాడు. చాలాసేపటికి, “ఒక్క ఊరు మామయ్యా, అందులోనూ ఒక్క కళాశాల. పుస్తకాలు మొదట మేమే కొని పెడతాం. అక్కడ ప్రతి పిల్లవాడికీ కావలసిన పుస్తకం దొరికేదాకా రెండవ కళాశాల మాట ఎత్తం” అన్నాడు.

అటకమీద నావి నలభై దాకా పాత వాచకాలు, వ్యాకరణాలు ఉన్నాయి. దింపి, దుమ్ము దులిపి, వాడి బండి వెనుక కట్టించి పంపాను.