ఫలితబలం: ఒక నియమం నడిచి వచ్చిన దారి

ఒక వస్తువుపై అనేక బలాలు ఒక్కసారిగా పనిచేస్తే అది ఎటు కదులుతుంది? ఒక బిందువుపై తూర్పుకు 7, ఉత్తరానికి 6, పడమరకు 4, దక్షిణానికి 2 యూనిట్ల బలాలు పనిచేస్తున్నాయనుకుంటే, ఎదురెదురు బలాలను తీసివేయగా తూర్పుకు 3, ఉత్తరానికి 4 మిగులుతాయి. ఈ రెండింటినీ భుజాలుగా గల దీర్ఘచతురస్రపు కర్ణమే ఫలితబలం. దాని పరిమాణం 5 యూనిట్లు. దిశ తూర్పు నుండి ఉత్తరానికి సుమారు 53 డిగ్రీలు. బలాలు ఏటవాలుగా ఉన్నట్లయితే ఒక్కొక్కదానిని ముందుగా ఈ రెండు దిశల అంశాలుగా విడదీసి, ఆ పిమ్మట కూడవలసి ఉంటుంది. సదిశల సంకలనమంటే ఇదే.

ఈ పద్ధతి చరిత్రను చెప్పేటప్పుడు రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. గ్రీకుల నుండి ఒక్క గంతులో న్యూటన్ వద్దకు చేరడం మొదటిది. అంతా ముస్లిం విద్వాంసులే కనిపెట్టారని చాటడం రెండవది. ఈ రెండూ సత్యానికి దూరమే.

రెండు కదలికలు కలిస్తే వస్తువు సమాంతర చతుర్భుజపు కర్ణం వెంబడి నడుస్తుందన్న సంగతి గ్రీకులకు తెలుసు. క్రీ.శ. మొదటి శతాబ్దికి చెందిన అలెగ్జాండ్రియా వాసి హీరో తన యంత్రశాస్త్ర గ్రంథంలో దీనిని నిరూపించాడు. ఆ గ్రంథపు గ్రీకు మూలం నశించింది. అది పూర్తిగా నేటికి దక్కింది అరబీ అనువాదం మూలంగానే. తొమ్మిదవ శతాబ్దిలో దానిని అనువదించిన ఖుస్తా బిన్ లూఖా, బాల్‌బెక్‌కు చెందిన క్రైస్తవుడు. అబ్బాసీల కాలపు విద్యాపోషణలో మతభేదం విద్యకు అడ్డు కాలేదనడానికి ఇదొక నిదర్శనం.

సుమారు 965లో బస్రాలో జన్మించి, కైరోలో స్థిరపడిన ఇబ్నుల్ హైసమ్ ఈ భావాన్ని కాంతికి అన్వయించాడు. ఆయన ‘కితాబుల్ మనాజిర్’ ఏడు భాగాల గ్రంథం. అద్దాన్ని ఏటవాలుగా తాకే వస్తువు కదలికలో రెండు అంశాలున్నాయని ఆయన వివరించాడు: ఒకటి అద్దానికి లంబంగా, మరొకటి సమాంతరంగా. అద్దం లంబాంశాన్నే ఎదిరించి వెనుకకు మళ్లిస్తుంది. సమాంతరాంశం యథాతథంగా ఉంటుంది. అందుకే పతన, పరావర్తన కోణాలు సమానమవుతాయి. వక్రీభవనం విషయంలోనూ ఆయన ఇదే విభజనను వాడాడు. పలుచని పలకపైకి ఇనుప గుండును నిటారుగా విసిరితే పలక పగులుతుందనీ, ఏటవాలుగా విసిరితే ఆ తాకిడి బలహీనపడుతుందనీ ఉదాహరించాడు.

ఈ గ్రంథం లాటిన్‌లోకి అనువదింపబడి, 1572లో బాసెల్ నగరంలో అచ్చయింది. 1637లో డేకార్ట్ సైతం బంతి ఉపమానంతో, కదలికను ఇట్లే రెండుగా విడదీసి కాంతిని వివరించాడు. తూర్పున కమాలుద్దీన్ ఫార్సీ (మరణం సుమారు 1319) ‘తన్‌ఖీహుల్ మనాజిర్’ అనే వ్యాఖ్యానం రచించాడు. దానిని 1928–30 మధ్య రెండు సంపుటాలుగా అచ్చువేసి లోకానికి అందించిన ఘనత హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్‌ది.

అయితే ఇబ్నుల్ హైసమ్ కూడినదీ, విడదీసినదీ కదలికలనే. నిశ్చలంగా ఉన్న వస్తువుపై బలాల సమతౌల్యాన్ని త్రిభుజంతో లెక్కించే పద్ధతి 1586లో స్టెవిన్ గ్రంథంలో కనిపిస్తుంది. బలాల సమాంతర చతుర్భుజ నియమాన్ని న్యూటన్ 1687లో తన చలన నియమాల వెంటనే చేర్చాడు. నేటి సదిశ గణితం పందొమ్మిదవ శతాబ్దిలో రూపొందినది.

టాలమీ అంతటివాని గ్రంథాలలోని లోపాలను ‘అష్షుకూక్’ అనే గ్రంథంలో ఎత్తిచూపినవాడు ఇబ్నుల్ హైసమ్. పెద్దల పేరు చూసి ఏ మాటనూ అంగీకరించరాదన్నది ఆయన పద్ధతి. అటువంటి విద్వాంసునికి లేని ఘనతను అంటగట్టడం గౌరవం కాజాలదు. ఉన్న ఘనతను మరుగుపరచడం న్యాయమూ కాజాలదు. అనేక బలాలలో ఏ ఒక్కదానిని విడిచినా ఫలితం తప్పుతుంది. ఒక్కదానినే ఎక్కువగా లెక్కించినా తప్పుతుంది. విజ్ఞాన చరిత్రకూ ఇదే వర్తిస్తుంది.