పెన్న సీమలో నీటి పురుగు

వానాకాలం రాత్రుల్లో వీధిదీపాల కింద రాలిపడే పురుగుల్లో ఒకటి ప్రత్యేకంగా ఉంటుంది. సుమారు అంగుళం పొడవు, ఆకుపచ్చ కలిసిన నల్లటి నున్నని వీపు, అంచు వెంట పసుపు గీత. అది చెరువులో బతికే వేటపురుగు. ఫ్రెంచి కీటక శాస్త్రజ్ఞుడు ఒలివియే 1795లో దాన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఇప్పటి పేరు సిబిస్టర్ ట్రైపంక్టేటస్.

దాని వంశం మాత్రం జురాసిక్ యుగం నాటిది. నేలమీద వేటాడే పెంకుపురుగుల్లోంచి ఒక శాఖ నీళ్లలోకి దిగింది. దిగినా గాలి అవసరం తీరలేదు. అందుకే నేటికీ వెనకభాగం పైకి తేల్చి, రెక్కల పెంకుల కింద గాలి నింపుకొని మునుగుతుంది. వెంట్రుకల అంచున్న వెనక కాళ్లు రెండూ ఒక్కసారే తెడ్లలా వేస్తుంది. పిల్లపురుగు ఇంకా క్రూరమైన వేటగాడు. వంపు తిరిగిన దవడలను నీటిపురుగులోనో తోకకప్పలోనో దించి, వాటి గుండా జీర్ణరసం ఎక్కిస్తుంది. లోపల మాంసం కరిగాక పీల్చేస్తుంది.

మరి ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కురవడమే గొప్పయిన ఈ పెన్న సీమ నేలమీద ఇంత నీటిమోజున్న ప్రాణికి ఆసరా ఏది? నా లెక్కలో సమాధానం చెరువు తవ్వినవాళ్ల దగ్గరుంది. నందికొండల్లో పుట్టి హిందూపురం వైపు వచ్చే పెన్నను పెనుకొండకు మళ్లించమని విజయనగర రాజకుమారుడు బుక్కరాయలు ఆదేశిస్తే, జలసూత్రం తెలిసిన సింగయభట్టు సిరువేర చెరువుకు కాలువ తవ్వించాడని 1388 నాటి శాసనం చెబుతుంది. రాజుల పేర్లు చెక్కిన రాళ్లు మనకు ఎన్నో ఉన్నాయి; నీటి పని తెలిసినవాడి పేరు రాతికెక్కడం ఎంత అరుదో! ధర్మవరం చెరువును క్రియాశక్తి ఒడయారు కట్టించాడని, ఊరికి ఆయన తల్లి ధర్మాంబ పేరే వచ్చిందని స్థానికులు చెబుతారు.

ఇలా చెరువు వెనక చెరువు ఉన్నచోట ఈ పురుగుకు దారి దొరుకుతుంది. ఒకటి ఎండితే రాత్రిపూట ఎగిరి, నీటిమీద మెరిసే వెలుగును పట్టి ఇంకొకటి చేరుతుంది. పిల్లపురుగు ఎదిగాక నీరు విడిచి, గట్టు తడిమట్టిలో చిన్న గది చేసుకొని అందులోనే పెద్దపురుగుగా మారుతుంది. గట్టు లోపలివైపంతా కాంక్రీటు పరిస్తే ఆ గదికి చోటుండదు. చెరువు మరమ్మతుల్లో కొంత అంచునైనా మట్టిగానే వదలాలని నేను గట్టిగా కోరుకుంటాను. తూము దగ్గర, కట్ట బలహీనంగా ఉన్నచోట రాతికట్టు వేసినా, నీరు పలచగా పరుచుకునే ఎగువ అంచున దాని అవసరం లేదు.